కాలేజీ కథల పోటీకి, బొమ్మల పోటీకి ఎంట్రీ పంపడం ఎలా? చదువుతున్నవాళ్ళకీ, చదువైపోయినవాళ్ళకీ

కాలేజీలు, యూనివర్సిటీలు పెట్టే కథ, కవిత, పెయింటింగ్, ఫోటో పోటీల్లో ఇప్పుడు చదువుతున్నవాళ్ళతో పాటు పాత స్టూడెంట్స్‌కి కూడా కొన్ని చోట్ల ఛాన్స్ ఉంటుంది, కానీ ఉద్యోగాల్లో పడినవాళ్ళు "అవి పిల్లల కోసం కదా, మనకెందుకులే" అనుకుని నోటీసు సగం కూడా చదవరు. చదవండి ప్లీజ్. ఇరవై ఏళ్ళప్పుడు రాసే కవితలో తెగింపు వేరు, పదేళ్ళు ఉద్యోగం చేసి ఇల్లు నడిపినవాళ్ళు రాసే కథలో సరుకు వేరు, ఆ రెండూ ఒకే పత్రిక సంచికలో పక్కపక్కన పడాలనేది నా కోరిక.

స్టెప్ 1: రూల్స్ రెండుసార్లు చదవండి

మొదటిసారి అర్హత కోసం. అల్యూమ్ని (పాత స్టూడెంట్స్) అంటే డిగ్రీ పూర్తి చేసినవాళ్ళేనా, మధ్యలో మానేసినవాళ్ళు కూడానా, ప్రూఫ్‌గా ఏం అడుగుతున్నారు, స్టూడెంట్స్‌కీ పాతవాళ్ళకీ వేరే వేరే ప్రైజులా ఇవన్నీ చూస్కోండి, అర్థం కాకపోతే మెయిల్ పెట్టి అడగండి, అడిగితే తప్పేం లేదు.

రెండోసారి కొలతల కోసం. 1500 పదాలు అన్నారంటే 1500 దాటకూడదు, పది పదాలే కదా అనుకోవద్దు. "ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాకూడదు" అనే రూల్ దగ్గర మాత్రం బాగా ఆగండి, ఎందుకంటే చాలా పోటీల్లో ఫేస్‌బుక్‌లో, సొంత బ్లాగులో పెట్టినా అచ్చయినట్టే లెక్క. కాబట్టి పోటీకి అనుకున్నదాన్ని రిజల్ట్ వచ్చేదాకా స్టేటస్‌లో కూడా పెట్టొద్దు.

స్టెప్ 2: ఏం రాయాలో తేల్చుకోండి

టైమంతా దీనికే ఇవ్వండి అంటాను నేను. టాపిక్ "వాన" అని ఇచ్చారనుకోండి, వెంటనే ఏం తడతాయి, ప్రేమికులు తడవడం, రైతు ఆకాశం వైపు చూడడం, కాగితం పడవలు. అవి చెడ్డవి కావు కానీ మీకు తట్టినట్టే మిగతావాళ్ళకీ తడతాయి, జడ్జి ఒకే సిట్టింగ్‌లో వాటిని వరసగా చదువుతాడు. ముందు తట్టినవన్నీ ఒక కాగితం మీద రాసేసి పక్కన పెట్టి ఇంకాస్త తవ్వండి. హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేశారు, వాన మొదలైంది, నెల రోజులుగా మాట్లాడుకోని ఇద్దరు రూమ్మేట్స్‌లో ఒకమ్మాయి పైకి పరిగెత్తింది, ఇప్పుడు తన బట్టలతో పాటు రెండో అమ్మాయి ఆరేసిన బట్టలు కూడా తెస్తుందా తేదా? ఇందులోనూ వానే ఉంది కానీ ఒక మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన పరిస్థితి కూడా ఉంది, కథకి అది కావాలి.

జడ్జికి ఏం నచ్చుతుందో ఊహించి రాయకండి, రాయకపోతే మీకు నిద్ర పట్టనిది ఏదైతే ఉందో అది రాయండి.

స్టెప్ 3: రాసి, పక్కన పెట్టి, మళ్ళీ చూడండి

గడువుకి కనీసం రెండు వారాల ముందు డ్రాఫ్ట్ అయిపోయేలా ప్లాన్ చేస్కోండి. కొన్ని రోజులు దాని మొహం చూడకుండా తర్వాత పైకి చదవండి, నాలుక తడబడిన చోట వాక్యం బాలేదని అర్థం. మొదటి పేరా తీసేసి చూడండి, చాలా కథలు రెండో పేరాలోనే మొదలవుతాయి. చివర్లో కథ అర్థాన్ని మీరే విప్పి చెప్పే లైన్ ఉంటే అది కూడా కొట్టేయండి. ఫ్రెండ్‌కి ఇచ్చి "బాగుందా" అని అడిగితే బాగుందనే అంటారు, "ఎక్కడ బోర్ కొట్టింది" అని అడగండి.

పాత డ్రాఫ్టులు డిలీట్ చెయ్యొద్దు, ఏఐ వాడకూడదనే రూల్ ఉన్న చోట రాసింది మీరే అని చూపించడానికి అవే సాక్ష్యం.

స్టెప్ 4: బొమ్మ అయితే ఫోటో సరిగ్గా తియ్యండి

జడ్జి ముందు చూసేది మీ పెయింటింగ్‌ని కాదు, దాని ఫోటోని. ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుతురులో, ఫ్లాష్ ఆపేసి, ఫ్రేమ్‌కి అద్దం ఉంటే తీసేసి, కెమెరాని బొమ్మకి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తియ్యండి. కొంచెం వంచినా చతురస్రం కాస్తా ఒక పక్క సాగిపోతుంది. గోడ, కర్టెన్ కనపడకుండా క్రాప్ చెయ్యండి, రంగులు మాత్రం ఫిల్టర్లతో పెంచొద్దు. ప్రింట్‌కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అడిగితే ఏ4 సైజుకి సుమారు 2480 బై 3508 పిక్సెల్స్ కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది కాబట్టి కెమెరాలోని ఒరిజినలే పంపండి.

స్టెప్ 5: ఫైల్

తెలుగులో రాస్తే యూనికోడ్‌లోనే (ఫోన్లో, వెబ్‌సైట్లలో కనపడే మామూలు తెలుగు) టైప్ చెయ్యండి, ప్రెస్సుల్లో పేజీలు కంపోజ్ చెయ్యడానికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో చేస్తే అవతలి కంప్యూటర్లో పిచ్చి గీతలు కనపడతాయి. పీడీఎఫ్ ఒప్పుకుంటే ఇంకా సేఫ్. పేరు లేకుండా జడ్జ్ చేసే పోటీ అయితే పేజీ మీదే కాదు, ఫైల్ పేరులో, ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ అని ఉండే చోట, బొమ్మ మూలన సంతకంలో కూడా మీ పేరు లేకుండా చూస్కోండి.

స్టెప్ 6: హక్కులు

"మొదటిసారి ప్రచురించే హక్కు" అంటే మామూలే, వాళ్ళు వేసుకున్నాక మిగతా హక్కులు మీవే. "పంపిన ఎంట్రీలన్నిటి మీదా సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఉంటే మాత్రం ప్రైజు రాకపోయినా మీ కథ పోయినట్టే, అలాంటి చోటికి మంచి రచన పంపకండి.

స్టెప్ 7: పంపాక

చివరి గంటలో సైట్లు మొరాయిస్తాయి, ఒకరోజు ముందే పంపేసి అందినట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి. ఒకే కథని రెండు చోట్లకి పంపొచ్చని రూల్ ఉంటేనే పంపండి, ఒకచోట సెలెక్ట్ అయితే రెండోచోట వెంటనే విత్‌డ్రా చేసుకోండి. ఈలోపు మీ గురించి నాలుగు లైన్ల పరిచయం రాసి రెడీగా ఉంచుకోండి, మీ బ్యాచ్ సంవత్సరంతో సహా, సెలెక్ట్ అయ్యిందని చెప్పే మెయిల్‌లోనే సాధారణంగా అది కూడా అడుగుతారు.