షట్‌డౌన్ అయ్యాక ప్లాంటు తెరుస్తున్నారా? ముందు ట్యాంకుల సంగతి చూడండి

ఎండాకాలంలో కెమికల్ ప్లాంట్లు కొన్నాళ్లు ఆపి, మరమ్మతులు చేసుకుని మళ్లీ తెరవడం మామూలే. ఆ రోజుల్లో పాతవాళ్లు సెలవులో ఉంటారు, కొత్త కాంట్రాక్టు మనుషులు లోపల తిరుగుతుంటారు, తెరవగానే ప్రొడక్షన్ టార్గెట్ టెన్షన్. మోటార్లు ఆగాయి కాబట్టి ప్రమాదం కూడా ఆగిందనుకుంటాం. ట్యాంకులో సరుకు మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది అదే. లాక్‌డౌన్ మొదలై ఆరు వారాలైంది. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో ఉన్న, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం కాగిపోయి, ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ వేడెక్కితే తనంతట తానే గట్టిపడటం మొదలుపెడుతుంది, గట్టిపడేకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా ఆపే టీబీసీ అనే నిరోధకం తగిన పాళ్లలో కలపాలి. అక్కడ చల్లబరిచే యంత్రాన్ని రాత్రిపూట ఆపేసేవారని, టీబీసీ సరిపడా లేదని, ఉష్ణోగ్రత మీటరు అడుగున ఉండటంతో పై భాగం ఎంత కాగుతోందో తెలియలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. సైరన్ మోగించే పాయింట్లు 36 ఉన్నాయట. ఒక్కటీ నొక్కలేదు.

కాబట్టి లోపలివాళ్లు స్టార్టప్ బటన్ జోలికి వెళ్లకముందే నిల్వ ఉన్న ప్రతి ట్యాంకునూ చూడాలి. రీడింగ్ ఏ ఎత్తు దగ్గర తీస్తున్నారో అడగాలి. నిరోధకం ఎంత మిగిలిందో శాంపిల్ తీసి చూడాలి, రికార్డులో ఉన్న పాత అంకె చాలదు. కరెంటు పోతే కూలింగ్ ఎంతసేపట్లో తిరిగి మొదలవుతుందో ఒకసారి నిజంగానే పోగొట్టి చూడండి. రియాక్టర్ లోపలికి మనిషిని దింపే ముందు ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉందని, విషవాయువు, మండే ఆవిరి లేవని మీటరుతోనే నిర్ధారించుకోవాలి. కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయింది కదా అని ముక్కును నమ్మొద్దు. ఆ వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు మొద్దుబారేది ముక్కే. లోపల ఒకరు పడిపోతే, గాలి సిలిండర్ లేకుండా వెంటనే దూకినవాడు రెండో శవమవుతాడు.

విశాఖ ఘటన జరిగిన రెండు రోజులకే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఒక మాట చెప్పింది: తెరిచిన మొదటి వారాన్ని ట్రయల్ రన్‌గానే చూడండి, ఉత్పత్తి లక్ష్యాల వెంట పడకండి. అప్పుడు లాక్‌డౌన్ కోసం చెప్పినదే అయినా, ప్రతి షట్‌డౌన్‌కీ సరిపోతుంది.

ఇక గోడ బయట ఉన్నవాళ్లం. భోపాల్ తర్వాత మన దేశంలో వచ్చిన నిబంధనలు కాగితం మీద బలహీనమైనవేమీ కావు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం పెద్ద నిల్వలున్న యాజమాన్యం ఆరు నెలలకోసారి లోపల మాక్ డ్రిల్ చేయాలి. బయటి జనం కోసం వేసిన ప్లాన్‌కు ఏడాదికోసారి రిహార్సల్ జరగాలి. ప్రమాదం ఎలాంటిదో, అప్పుడేం చేయాలో, ఏం చేయకూడదో చుట్టుపక్కల వాళ్లకు చెప్పి తీరాలి. రసాయన ప్రమాదాలపై వచ్చిన 1996 నిబంధనలైతే స్థానిక క్రైసిస్ గ్రూపు, అంటే అలాంటి ప్రమాదాలకు సిద్ధంగా ఉండేందుకు వేసిన కమిటీ, నెలకోసారి కూర్చోవాలంటాయి. మీ ఊళ్లో చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో పంచాయతీలో అడగండి. జవాబు కోసం తడుముకుంటే మీకు సగం విషయం అర్థమైనట్టే.

యూరప్‌లో ఏడాదికి ఒక టన్ను, అంతకు మించి తయారుచేసినా దిగుమతి చేసుకున్నా ఆ రసాయనం వివరాలు ముందుగా నమోదు చేయాలి. 2007 నుంచీ అదే పద్ధతి. మన దగ్గర అలాంటి ముసాయిదా 2020లో తయారైంది. మనకు చేతికి అందేవి మాత్రం ఆ పాత నిబంధనలే. అయితే వాటిలోనూ ఒక చిల్లు ఉంది. ఎమర్జెన్సీ ప్లాన్ తప్పనిసరి కావాలంటే అమ్మోనియా 60 టన్నులు, క్లోరిన్ 10 టన్నులు దాటాలి. కోస్తాలో రొయ్యల చెరువుల మధ్య అమ్మోనియాతో నడిచే చిన్న ఐసు ఫ్యాక్టరీ ఆ లెక్కలోకి రాదు. కాబట్టి పెద్ద ప్లాంటునే కాదు, సందు చివరి ఐసు ఫ్యాక్టరీనీ అడిగి పెట్టుకోండి: ఏ గ్యాసు, వాల్వు ఎక్కడ, రాత్రి షిఫ్టులో దాన్ని కట్టేయడం ఎవరికి వచ్చు?

లీకైతే ఏం చేయాలన్నది గ్యాసును బట్టి ఉంటుంది. అమ్మోనియా నీళ్లలో బాగా కరుగుతుంది, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంటే కొంత ఆపుతుంది. స్టైరీన్ దగ్గర తడిగుడ్డ పెద్దగా పనిచేయదు. స్టైరీన్ ఆవిరి, క్లోరిన్ గాలి కంటే బరువు, పల్లంలో, కాలువల్లో పేరుకుంటాయి. అటు దిగకుండా, గాలి వీచే దారి నుంచి పక్కకు తప్పుకుంటూ, ఎత్తు వైపు నడవాలి. లీకు దిక్కు తెలియకపోయినా, దారి మూసుకుపోయినా తలుపులు, కిటికీలు, ఏసీ మూసి ఇంట్లోనే ఉండి 112కి ఫోన్ చేయాలి.

రోడ్డు మీద ట్యాంకరు బోల్తాపడితే దూరం నుంచే దాని పలక మీద అంకె చూసి చెప్పండి. 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 2055 స్టైరీన్. ఆ నాలుగంకెలు చెబితే ఫైర్ వాళ్లు ఏ సామాను పట్టుకుని రావాలో బయల్దేరకముందే తేల్చుకుంటారు.