కథలోకి రాక్షసుడు – 4వ పాఠం: పేరు, ఒళ్లు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి నుంచి మీ రాక్షసుల మీద వచ్చిన అభ్యాసాలు చదివాను. పది తలలు, ఎర్రటి కళ్లు, జానెడు కోరలు. తలలు పెంచినకొద్దీ భయం పెరగదు, చదివేవాడికి లెక్క తప్పుతుందంతే.

ముందు పేరు. ఋగ్వేదంలో వరుణుణ్ణీ ఇంద్రుణ్ణీ ‘అసుర’ అని గౌరవంగానే పిలిచారు. ఇరాన్‌లో అదే మాట ‘అహుర’ అయి దేవుడి పేరులో నిలిచింది. మన ‘దేవ’కు తోబుట్టువైన మాట అక్కడ దుష్టశక్తి పేరయింది. తర్వాతి కాలంలో మనవాళ్లు ‘అసుర’లోని ‘అ’ను కాదనే అర్థంలో తీసుకుని, దేవతలకు ‘సుర’ అనే మాటను పుట్టించారు. ఒక ఊరి దేవుడు పొరుగూరికి రాక్షసుడు కావడానికి ఇంతకంటే మంచి ఇతివృత్తం ఏముంటుంది? ఆంగ్ల కథల్లో కనిపించే ఓర్క్ అనే వికృత జీవి సంగతి చిన్నదే: పాత ఆంగ్ల కావ్యం ‘బేవుల్ఫ్’లో ఒకే ఒక్కసారి కనిపించే ‘ఓర్క్‌నేయాస్’ను పట్టుకుని, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ ఒక జాతినే నిలబెట్టాడు.

ఇక ఒళ్లు. 15వ శతాబ్దపు కవి సారళాదాసు ఒడియా మహాభారతంలో అర్జునుడికి అడవిలో నవగుంజరం అనే వింత జీవి ఎదురవుతుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. మూడు కాళ్లు మూడు జంతువులవి. నాలుగో కాలి చోట మనిషి చెయ్యి, అందులో తామర పువ్వు. విల్లెత్తిన అర్జునుడు ఆ చెయ్యి చూసి దించేశాడు, వచ్చినవాడు కృష్ణుడని గ్రహించి మొక్కాడు. ఎనిమిది ముక్కలు కంటికి, తొమ్మిదోది కథకు. ఒడిశావాళ్లు బట్ట మీద వేసే పటచిత్రంలో ఈ బొమ్మ దొరికితే ముందు ఆ చేతినే చూడండి.

ఒక హెచ్చరిక. ఒడిశాలోని గజపతి, రాయగడ కొండల్లో ఉండే సవర గిరిజనులు తమ పాత ఆచారంలో చనిపోయినవారిని ‘సోనుం’ అనేవారు. ఆ సోనుములు పూనకంలో ఉన్న మధ్యవర్తి నోట బతికున్నవారితో మాట్లాడేవారు, వాదించేవారు, అలిగేవారు. వింటే ఎవరికైనా కథ రాయాలనిపిస్తుంది. కానీ వాళ్ల తాతముత్తాతలకు మీరు కోరలు తగిలించకండి. చచ్చినా వాదన మానని ఆ స్వభావాన్ని మాత్రం గమనించండి.

అభ్యాసం: మీ జీవి ఒంట్లో ఒక్క భాగం ఎదుటివాడి చేత ఆయుధం దింపించాలి. ఆ ఘట్టాన్ని పది వాక్యాల్లో రాయండి. కోర, గోరు, నెత్తురు అన్న మాటలు నిషేధం. పేరును ఇంట్లో తెలుగులో, బజారులో ఒడియాలో పైకి అని చూడండి. మన ‘నవ’ ఒడియా నోట ‘నబ’ అవుతుంది. రెండు చోట్లా నవ్వు రాకుంటే ఆ పేరు ఖాయం చేసుకుని పంపండి. వచ్చే పాఠంలో దానికి మాటలు నేర్పుదాం.