ల్యాప్ కేసులో వెంటిలేటర్, పార్ట్ 3: గ్యాస్ ఎక్కాక మన పని

పోయిన పార్ట్‌లో వెంటిలేటర్ మోడ్‌ల గురించి చూశాం కదా, ఇప్పుడు ల్యాప్ కేసు (పొట్టలోకి సీవోటూ గ్యాస్ నింపి చిన్న రంధ్రాల్లోంచి చేసే లాపరోస్కోపీ సర్జరీ) అంకెల్లోకి దిగుదాం. కాలిక్యులేటర్ తీయండి.

మలక్‌పేట్ నుంచి ఒక ఆంటీ గాల్‌బ్లాడర్ సర్జరీకి వచ్చారనుకోండి, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు. చాలామంది 80ని 8తో గుణించి 640 ఎంఎల్ టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి లోపలికి పంపే గాలి) పెట్టేస్తారు, నేనూ కొత్తలో అదే పెట్టి సీనియర్ చేత గట్టిగా అక్షింతలు వేయించుకున్నా. బిర్యానీ తింటే పొట్ట పెరుగుద్ది గానీ ఊపిరితిత్తులు పెరగవు కదా, అందుకే లెక్క ఎత్తు మీద వెయ్యాలి. ఎత్తులోంచి 152.4 తీసేసి 0.91తో గుణించి ఆడవాళ్ళకైతే 45.5, మగవాళ్ళకైతే 50 కలపాలి. ఆంటీకి వచ్చే ‘ఎత్తుకి తగ్గ బరువు’ 47.9 కిలోలు. కిలోకి 6 నుంచి 8 ఎంఎల్, మధ్యలో 7 తీసుకుంటే 335. చూశారా, 640 అంటే దాదాపు డబుల్!

ఇప్పుడు సర్జన్ పొట్టలోకి గ్యాస్ ఎక్కించారు, ప్రెషర్ 12 నుంచి 15 ఎంఎంహెచ్‌జీ. డయాఫ్రమ్ పైకి తోసుకొచ్చి ఊపిరితిత్తుల అడుగుభాగం నలిగిపోద్ది, పీక్ ప్రెషర్ (గాలి లోపలికి తోసేటప్పుడు వచ్చే గరిష్ఠ ప్రెషర్) పెరిగి అలారం మోగుద్ది. అలారం ఆపేసి కూర్చోకండి, ముందు స్టెత్ పెట్టి రెండు వైపులా గాలి వినండి, ఎందుకంటే ఊపిరితిత్తులు పైకి జరగడంతో శ్వాసనాళంలో పెట్టిన ట్యూబ్ కొన కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి పోయే గొట్టంలోకి) దూరే ఛాన్స్ ఉంది, తల కిందికి వంచిన కేసుల్లో ఇంకా ఎక్కువ. ట్యూబ్ బాగుంటే రిలాక్సెంట్ (కండరాలు వదులు చేసే మందు) పవర్ అయిపోయిందేమో చూడండి.

తర్వాత ఇన్‌స్పిరేటరీ పాజ్ ఇచ్చి (గాలి లోపలికి పోయాక ఒక్క క్షణం ఆపి) ప్లాటో, అంటే అప్పుడు నిలిచే ప్రెషర్, తీసుకోండి, అందులోంచి పీప్ (ఊపిరి వదిలాక కూడా మిషన్ లోపల ఉంచే ప్రెషర్) తీసేస్తే డ్రైవింగ్ ప్రెషర్. గ్యాస్‌కి ముందు ప్లాటో 15, పీప్ 5 అయితే 10. గ్యాస్ తర్వాత ప్లాటో 24 అయితే 19. ఆ పెరిగిన 9 మొత్తం ఊపిరితిత్తుల మీదే పడట్లేదు, గ్యాస్‌తో బిగుసుకున్న పొట్టా డయాఫ్రమ్మూ కొంత మోస్తున్నాయి, కాబట్టి కంగారొద్దు, కానీ వదిలెయ్యొద్దు కూడా. గ్యాస్ ప్రెషర్ 12తో పనవుతుందా అని సర్జన్‌ని అడగండి (మూడ్ చూసుకుని), ఒక రిక్రూట్‌మెంట్ (మూసుకుపోయిన ఊపిరితిత్తుల్ని తెరవడానికి కాసేపు ఎక్కువ ప్రెషర్) ఇచ్చి, పీప్ కొంచెం పెంచి, మళ్ళీ లెక్కెయ్యండి. డ్రైవింగ్ ప్రెషర్ తగ్గితే ఆ పీప్ పేషెంట్‌కి పనికొచ్చినట్టు, పెరిగితే వెనక్కి తగ్గండి. రిక్రూట్‌మెంట్ టైమ్‌లో కళ్ళు బీపీ మీదే ఉండాలి. పీప్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకోకండి, 2014లో ప్రోవిలో ట్రయల్‌లో ఓపెన్ పొట్ట సర్జరీల్లో ఒక గ్రూప్ మొత్తానికి పీప్ 12 పెట్టి చూస్తే లంగ్ కాంప్లికేషన్లు తగ్గలేదు, బీపీ పడటం మాత్రం పెరిగింది.

ఇంకోటి, పొట్టలోని సీవోటూ రక్తంలోకి ఎక్కి ఈటీసీవోటూ (వదిలే ఊపిరి చివర్లో కొలిచే సీవోటూ) పెరుగుద్ది. చెయ్యి టైడల్ వాల్యూమ్ నాబ్ మీదికి పోతుంది, పోనివ్వకండి, నిమిషానికి ఊపిరుల రేటు 12 నుంచి 16కి పెంచండి. సీవోపీడీ (ఊపిరి బయటికి నెమ్మదిగా వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంటే మాత్రం గాలి పూర్తిగా బయటికి రాకముందే మళ్ళీ లోపలికి పోతుందేమో గ్రాఫ్‌లో చూసుకోండి.

హోంవర్క్: 170 సెంటీమీటర్ల అన్న, 95 కిలోలు, హెర్నియా. టైడల్ వాల్యూమ్ ఎంత? 665 అని వచ్చినోళ్ళు రెండో పేరా మళ్ళీ చదవండి.