సండే బజార్‌లో పాత పనిముట్లు కొనే ముందు

బెంగళూరు చిక్‌పేట సండే బజార్‌కి పొద్దున్నే వెళ్లండి, ఆలస్యమైతే మంచి సరుకు మిగలదు. కొత్తదాని ధర ముందే చూసుకుంటే బేరమాడటం తేలిక.

- స్పానర్: దవడలు సాగిపోయాయేమో చూడాలి. జేబులో ఒక బోల్టు తీసుకెళ్లి బిగించి చూడండి. పైపై తుప్పు కిరోసిన్‌లో నానబెట్టి రుద్దితే పోతుంది. గుంటలు పడితే మాత్రం వదిలేయండి.

- ఉలి: తల దెబ్బలకు పువ్వులా విచ్చుకుని ఉంటే వద్దు. ముక్క ఎగిరిందంటే కన్నే పోవచ్చు.

- డ్రిల్, గ్రైండర్: కరెంటు పెట్టి చూడందే డబ్బులివ్వకండి. ‘అన్నా, ఒకసారి తిప్పి చూపించు’ అని తెలుగులో అడిగినా అక్కడ చాలామందికి అర్థమవుతుంది. మెషీన్‌కి అంటించిన ప్లేటు మీద 110 వోల్టులని ఉంటే మన 230 వోల్టుల లైన్లో కాలిపోతుంది. డ్రిల్ చక్‌లో, అంటే బిట్‌ని పట్టుకునే భాగంలో, వంకర లేని పొడవాటి బిట్ బిగించి తిప్పండి. కొన ఊగుతుంటే చక్కో, బేరింగో, లోపలి షాఫ్టో పాడైనట్టు. మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల దగ్గర చిన్న నిప్పురవ్వలకు టెన్షన్ పడక్కర్లేదు, ఆ బ్రష్‌లు మార్చుకోవచ్చు. కాలిన వాసన వస్తే ఆశ వదులుకోండి.

గార్డు (చక్రానికి అడ్డుగా ఉండే రక్షణ కవచం) లేని గ్రైండర్ ఎంత చౌకైనా కొనొద్దు.

సీరియల్ నంబరు గీకేసి ఉంటే అసలు ముట్టుకోకండి. దొంగ సొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.