దీపావళి టపాకాయలు మొదలయ్యేలోపు: చెన్నైలో కుక్కలున్న ఇళ్లకు జాగ్రత్తలు

చెన్నైలో స్థిరపడిన తెలుగు ఇళ్లకు దీపావళి రెండు విడతలుగా వస్తుంది. ఇక్కడి తమిళ కుటుంబాలు నరకచతుర్దశి నాడు తెల్లవారకముందే తలంటుకుని, కొత్త బట్టలు కట్టుకుని, వీధిలోకి వచ్చి టపాకాయలు పేలుస్తాయి. మనం అమావాస్య సాయంత్రం లక్ష్మీపూజ ముగించుకుని మతాబులు, చిచ్చుబుడ్లు బయటికి తీస్తాం. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు రెండు విడతలకూ సిద్ధపడాలి. తమిళనాడులో 2018 నుంచి ఉదయం 6 నుంచి 7 వరకు, సాయంత్రం 7 నుంచి 8 వరకు మాత్రమే కాల్చడానికి అనుమతి ఇస్తున్నారు. అయినా దుకాణాలు తెరిచిన రోజు నుంచే పిల్లల చేతుల్లో సీమటపాకాయలు కనిపిస్తాయి. పండుగ అయ్యాక మిగిలిన సరుకు ఇంకో రెండు మూడు రోజులు పేలుతూనే ఉంటుంది. పైగా అది ఈశాన్య రుతుపవనాల కాలం, ఉరుములు కూడా తోడవుతాయి. అందుకే ఈ జాగ్రత్తలు నెల ముందే మొదలు కావాలి. పండుగ రోజున మన చేతిలో ఉండేది కొంతే.

మనుషుల చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. కుక్క చెవి 40,000 హెర్ట్జ్ దాటిన శబ్దాలను కూడా అందుకుంటుంది. మన దేశంలో టపాకాయ పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించకూడదని నిబంధన ఉంది. అంటే నిబంధన తప్పని టపాకాయ కూడా చాలా పెద్ద శబ్దమే చేస్తుంది. మనకు పండుగ ఎప్పుడో తెలుసు, వత్తి అంటించడం కళ్లారా చూస్తాం, చెవులు మూసుకుంటాం. కుక్కకు ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. నేల అదురుతుంది, గాలిలో మందు వాసన నిండిపోతుంది. ఆ స్థితిలో మంచం కింద దూరినా, గదిలో మూత్రం పోసినా, తలుపు గీరినా అది మొండితనం కాదు. ఆ సమయంలో కసరడం, చెవి పట్టి బయటికి లాగడం, 'అలవాటవుతుందిలే' అని మేడ మీదికి తీసుకెళ్లి నిలబెట్టడం చేయకండి. ఇలా బలవంతం చేస్తే చాలా కుక్కల్లో భయం ఏటికేడు ముదురుతుంది.

భయం వణుకుతోనే మొదలవదు. అంతకు చాలా ముందే చిన్న చిన్న గుర్తులు కనిపిస్తాయి. నిద్ర రాని వేళ ఆవలింతలు, తిండి లేకుండానే పెదవులు నాకడం, కళ్లలో తెల్లభాగం కనిపించేలా పక్కకు చూడడం, ఒక ముందుకాలు ఎత్తి నిలబడిపోవడం, ఎండ లేకపోయినా రొప్పడం, ఇష్టమైన తిండి నోటికి అందించినా తీసుకోకపోవడం. వీటిని చూడగానే సాయం మొదలుపెట్టాలి.

ఇక్కడే ఒక మాట తేల్చుకోవాలి. 'భయపడుతున్నప్పుడు బుజ్జగిస్తే భయం ఇంకా పెరుగుతుంది, పట్టించుకోవద్దు' అని చాలామంది సలహా ఇస్తారు. ఇది తప్పు. కూర్చోమంటే కూర్చున్న కుక్కకు బిస్కెట్ ఇస్తే ఆ కూర్చోవడం పెరుగుతుంది, నిజమే. కానీ భయం అది కావాలని చేసే పని కాదు, లోపల కలిగే బాధ. మీ పక్కన చేరి ఆనుకుని కూర్చోవాలనుకుంటే కూర్చోనివ్వండి, వీపు మీద నెమ్మదిగా చేయి వేయండి. దాక్కోవాలనుకుంటే దాక్కోనివ్వండి. బెర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫనీ రీమర్ 2020లో ప్రచురించిన పరిశీలనలో వెయ్యి మందికి పైగా కుక్కల యజమానులు తాము పాటించిన పద్ధతులను పంచుకున్నారు. ప్రతి పేలుడు తర్వాత వెంటనే తిండో ఆటో అందించినవారిలో పదింట ఏడుగురు మేలు కనిపించిందని చెప్పారు. ఖర్చు లేని పద్ధతి, ఎవరైనా చేయగలిగినది.

శబ్దాలకు అలవాటు చేయడం

నెల ముందు మొదలుపెట్టాల్సిన అసలు పని ఇదే. టపాకాయల శబ్దాలు రికార్డు చేసిన ఆడియోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న సమయం చూసుకోండి. ఉడికించిన చికెన్‌ను చిటికెన వేలి గోరంత ముక్కలుగా చీల్చి చిన్న గిన్నెలో పెట్టుకోండి. శాకాహార ఇళ్లలో ఉప్పు లేని పనీర్ సరిపోతుంది. అది రోజూ తినే అన్నంలా కాకుండా ఈ పనికోసమే దొరికే రుచిగా ఉండాలి. ఫోనులో శబ్దాన్ని అతి తక్కువలో పెట్టండి. కుక్క ఒక చెవి కాస్త కదిపి, తిరిగి మీ వైపు చూడగలిగితే అది సరైన స్థాయి. తల ఎత్తి బిగుసుకుపోతే ఎక్కువైనట్టు, తగ్గించండి.

క్రమం తప్పకూడదు: శబ్దం ముందు, తిండి తర్వాత. ఢాం అని వినపడిన మరుక్షణం ఒక ముక్క. శబ్దం లేనప్పుడు ఏమీ లేదు. గిన్నె ముందే చూపించి, తింటుండగా శబ్దం వినిపిస్తే చికెన్ చూసినా భయపడే పరిస్థితి రావచ్చు. ఐదు నిమిషాలు చాలు, రోజుకు ఒకటి రెండుసార్లు. కొన్ని రోజులకు శబ్దం వినగానే కుక్క మీ చేతివైపు ఆశగా చూస్తుంది, తోక తేలికగా ఊపుతుంది. అప్పుడు శబ్దం ఒక మెట్టు పెంచండి. తిండి తీసుకోవడం మానేసినా, కరుకుగా లాక్కుంటున్నా ఒక మెట్టు కిందికి దిగండి. తొందరపడితే చేసిన పనంతా వృథా అవుతుంది. ఫోను స్పీకరులో అదురు ఉండదు. కాబట్టి కొన్నాళ్లయ్యాక పెద్ద స్పీకరుకు కలపండి, వేరే గదిలో పెట్టండి, కిటికీ వైపు నుంచి వినిపించండి. మీ వీధిలో నిజమైన టపాకాయలు మొదలైన రోజున ఈ అభ్యాసం ఆపేయండి. ఆ తర్వాత నిజమైన శబ్దానికే ముక్క అందించండి.

ఇప్పటికే బాగా భయపడే కుక్క అయితే ఈ అభ్యాసానికి నెల చాలకపోవచ్చు. ఆ ఇళ్లవారు ముందు పశువైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఇంకా భయం తెలియని కూనలు ఉన్నవారు అదృష్టవంతులు. బయట ఎక్కడ ఏది పేలినా, అది భయపడకపోయినా సరే, గుప్పెడు తిండి నేల మీద చల్లండి. పెద్దయ్యాక ఆ మేలు కనిపిస్తుంది.

పశువైద్యులతో మాట్లాడవలసినవి

భయానికి మందు వాడడం బలహీనత కాదు. తీవ్రంగా భయపడే కుక్కను మందు లేకుండా ఉంచడమే దానికి కష్టం. కానీ పండుగ ముందురోజు మందుల దుకాణానికి పరిగెత్తి నిద్రమాత్ర కొని వేయకండి. అసిప్రొమజీన్ అనే పాత మందు ఒంటిని మత్తుగా కదలకుండా చేస్తుందే కాని భయాన్ని తగ్గించదు. కుక్క లోపల భయపడుతూనే ఉంటుంది, పారిపోవడానికి మాత్రం కాళ్లు ఆడవు. భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి. ఏది, ఎంత అన్నది కుక్క బరువు, వయసు, గుండె, కాలేయం చూసి పశువైద్యులు నిర్ణయిస్తారు. రెండు మూడు వారాల ముందే సంప్రదించి, మామూలు రోజున ఒకసారి వేసి చూడండి. కొన్ని కుక్కల్లో మందు మరోలా పనిచేస్తుంది, అది పండుగ రాత్రి తెలియకూడదు. మందు శబ్దాలకు ముందే పడాలి కాబట్టి తెల్లవారుజామున ఎన్ని గంటలకు వేయాలో కూడా అడిగి రాసుకోండి.

ఎప్పుడూ భయపడని పెద్ద వయసు కుక్క ఉన్నట్టుండి శబ్దాలకు బెదిరితే కీళ్లనొప్పులు ఉన్నాయేమో చూపించండి. పెద్ద శబ్దానికి ఒళ్లు బిగుసుకుంటే నొప్పి కలుగుతుంది, ఆ నొప్పి శబ్దంతో ముడిపడిపోతుంది. మనుషుల పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయకండి. రెండూ కుక్కలకు ప్రాణాపాయం.

వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మీ ఇంటికి దగ్గరలో పండుగ రోజు తెరిచి ఉండే వైద్యశాల ఏదో ముందే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

తప్పిపోకుండా

దీపావళికి నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. బెదిరిన కుక్క ఇంటి దారి చూసుకుంటూ పరిగెత్తదు. శబ్దానికి దూరంగా, ఎటు దారి ఉంటే అటు పోతుంది. పాలవాడికో పక్కింటివారు పంపిన మిఠాయిలకో తలుపు తీసిన క్షణం చాలు. కాబట్టి ఆ రోజుల్లో బయటి తలుపు తీసేముందు కుక్క ఉన్న గది తలుపు మూసి ఉందో లేదో చూడడం ఇంట్లో అందరికీ, వచ్చే బంధువులకూ చెప్పి ఉంచండి.

మెడపట్టీ, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ రెండూ వాడండి. మెడపట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. కుక్కను మీ ఎదురుగా నిలబెట్టి తాడును నెమ్మదిగా ముందుకు లాగి చూడండి. వెనక్కి జరుగుతూ తల వంచినప్పుడు పట్టీ చెవులు దాటి వచ్చేస్తే, భయంలో కూడా అలాగే ఊడిపోతుంది. ఫోను నంబరు చెక్కిన బిళ్ల తప్పనిసరి. చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కలకు లైసెన్సుతో పాటు మైక్రోచిప్‌ను కూడా తప్పనిసరి చేసింది. భుజాల మధ్య చర్మం కింద ఉండే ఆ చిప్‌లో 15 అంకెల సంఖ్య మాత్రమే ఉంటుంది. అది కుక్క ఎక్కడుందో చూపించదు, చదివే పరికరం ఉన్నవారికి దొరికితేనే ఉపయోగం. ఆ సంఖ్యతో నమోదైన మీ ఫోను నంబరు ఇప్పటిదేనా అని చూసుకోండి. చిప్ ఉన్నా బిళ్ల మానకండి.

నడక వేళలు మార్చండి. తెల్లవారుజామున 4 గంటలకు, లేదా మధ్యాహ్నం దాటి నేల చల్లబడ్డాక. పండుగ రోజున ఆరు గంటలలోపే మలమూత్రాల పని పూర్తయ్యేలా రెండు వారాల ముందు నుంచే వేళలు నెమ్మదిగా జరపండి. నేల మీద కాకరపువ్వొత్తుల కడ్డీలు చాలాసేపు వేడిగా ఉంటాయి, పాదాలు కాలతాయి.

గది

వీధివైపు కిటికీ లేని గది ఎంచుకోండి. ఫ్లాట్లలో చాలామందికి అది మధ్య పడకగదో, లోపలి స్నానాలగదో. కుక్క ఇప్పటికే ఎక్కడికి వెళ్లి దాక్కుంటుందో చూసి, బీరువా పక్క సందు అయితే ఆ సందులోనే పాత దుప్పటి పరవండి. మంచినీళ్లు అక్కడే పెట్టండి. ఫ్యాను, కూలర్ పెట్టండి. తబలా, మృదంగం వంటి అదురున్న పాటలు మెల్లగా పెడితే బయటి ఢాం ఢాంలు కొంత కలిసిపోతాయి. బయటి తలుపు తీసే ఆ కాసేపు తప్ప గది తలుపు మూసి ఉంచకండి, చాలా కుక్కలు బందీ అయినట్టు భయపడతాయి. ఒక మనిషి దగ్గర ఉండాలి. పూజ దగ్గర అందరూ చేరే వేళ ఎవరు ఉంటారో ముందే నిర్ణయించుకోండి. ఈ పని తాతయ్యకో అమ్మమ్మకో ఇష్టంగా అప్పగించవచ్చు, టపాకాయల పొగ వాళ్లకూ పడదు.

రాజపాళయం జాతి కుక్క ఉన్నవారికి ఒక మాట. తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలున్న ఆ ఊరూ, టపాకాయల శివకాశీ ఒకే విరుదునగర్ జిల్లాలోవి. తెల్లటి రాజపాళయం కుక్కల్లో పుట్టుచెవుడు తరచు కనిపిస్తుంది. చెవిటి కుక్క భయపడదని వదిలేయకండి. నేల అదురు, ఉన్నట్టుండి మెరిసే వెలుగు, వాసన దాన్నీ బెదిరిస్తాయి. తెరలు దించి ఉంచండి.

తిండి, కాలిన గాయాలు

లడ్డు, పాయసం, కేసరిలో వేసే కిస్‌మిస్‌లు కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కూడా విషమే. నెయ్యి ఎక్కువున్న మిఠాయిలు క్లోమగ్రంథిని వాపుకు గురిచేస్తాయి. పళ్లేలు ఎత్తు మీద పెట్టండి. పేలని టపాకాయలను కుక్క కొరికినా, మింగినా వాంతి చేయించడానికి ఇంట్లో ప్రయత్నించకుండా పొట్లం తీసుకుని వైద్యశాలకు వెళ్లండి. కాలితే ఆ చోట కుళాయి నీరు 20 నిమిషాలు పోయండి. ఐసు, నెయ్యి, పళ్లపేస్టు రాయకండి.

మీ వీధి కుక్కల్ని మరచిపోకండి. వాచ్‌మన్‌ను, సంఘం వారిని అడిగి ఆ రెండు పూటలు పార్కింగ్ మూల ఒకటి వాటికి తెరిచి ఉంచండి, నీళ్లు పెట్టండి. కుక్క తోకకు టపాకాయ కట్టడం 1960 జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం నేరం. మీ అపార్టుమెంటు పిల్లలకు పండుగ ముందే కూర్చోబెట్టి చెప్పండి.

మరుసటి రోజు కుక్కను వీధిలోకి తీసుకెళ్లే ముందు మీరు ఒకసారి నడిచి కాగితాలు, కడ్డీలు, పేలని మందు ఎక్కడున్నాయో చూసి ఊడ్పించండి. తిండి మానేయడం, చీకటి పడగానే వణకడం రెండు మూడు రోజులకు తగ్గకపోతే వచ్చే ఏడాది దాకా ఆగకుండా ఆ వారమే పశువైద్యుల దగ్గర సమయం తీసుకోండి.