రస్ట్ డీబగ్ బిల్డ్‌కి క్రేన్‌లిఫ్ట్ వాడి చూడండి
రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌లో చిన్న మార్పు చేసినా బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) కోసం ఎదురుచూడాల్సి వస్తోందా? అయితే డీబగ్ బిల్డ్‌కి, అంటే కోడ్ రాస్తూ పరీక్షించుకునే బిల్డ్‌కి, మామూలుగా మెషీన్ కోడ్‌ను తయారుచేసే ఎల్‌ఎల్‌వీఎమ్ బదులు అదే పని చేసే క్రేన్‌లిఫ్ట్ పెట్టి చూడండి. ఎల్‌ఎల్‌వీఎమ్ బలమంతా కోడ్‌ను బాగా ఆప్టిమైజ్ చేయడంలో ఉంది. టైప్ చేసి, రన్ చేసి, మళ్లీ సరిదిద్దుకునేటప్పుడు మనకు అంత అవసరం ఉండదు. క్రేన్‌లిఫ్ట్ మెషీన్ కోడ్‌ను త్వరగా తయారుచేసి ఇచ్చేస్తుంది.

2023 నుంచి ఇది రస్ట్ నైట్లీలో (రోజూ వచ్చే ప్రయోగాత్మక వెర్షన్‌లో) దొరుకుతోంది. రస్ట్‌ను ఇన్‌స్టాల్ చేసే రస్టప్‌తో ఆ కాంపోనెంట్ చేర్చుకుని, రస్ట్ బిల్డ్ టూల్ అయిన కార్గో కాన్ఫిగ్‌లో అన్‌స్టేబుల్ విభాగం కింద కోడ్‌జెన్ బ్యాకెండ్‌ను (మెషీన్ కోడ్ తయారుచేసే భాగాన్ని ఎంచుకునే సెట్టింగ్‌ను) ఆన్ చేసి, డీబగ్ బిల్డ్‌కి వర్తించే డెవ్ ప్రొఫైల్‌లో దాని విలువ క్రేన్‌లిఫ్ట్ అని రాస్తే చాలు. తుది బిల్డ్‌కి వర్తించే రిలీజ్ ప్రొఫైల్‌ను మాత్రం ముట్టుకోకండి, అక్కడ ఎల్‌ఎల్‌వీఎమ్మే ఉండాలి.

సిమ్డ్ ఇన్‌స్ట్రక్షన్లు (ఒకేసారి చాలా విలువలపై పనిచేసే ప్రాసెసర్ ఆదేశాలు) ఎక్కువగా వాడే క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) ఏదైనా మొరాయిస్తే, మొత్తం వెనక్కి మార్చేయక్కర్లేదు. ఆ ఒక్క ప్యాకేజీకే ఎల్‌ఎల్‌వీఎమ్ అని విడిగా రాసుకోవచ్చు. నాకు బాగా నచ్చిన సదుపాయం ఇదే.

ఒక్క మాట: కోడ్‌లో తప్పులున్నాయేమో మాత్రమే చూసే కార్గో చెక్ మెషీన్ కోడ్ దాకా వెళ్లదు కాబట్టి, అందులో తేడా ఏమీ కనిపించదు. లింకింగ్‌కి (తయారైన ముక్కలను ఒకే ప్రోగ్రామ్‌గా కలపడానికి) పట్టే సమయమూ అలాగే ఉంటుంది.