స్పెయిన్ రైలు టికెట్‌లోనే లోకల్ ట్రైన్ ఫ్రీ

స్పెయిన్‌లో ఒక్కరే బ్యాగు తగిలించుకుని ఊరూరా రైల్లో తిరగాలనుకునేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోండి. స్పెయిన్ ప్రభుత్వ రైల్వే సంస్థ రెన్ఫే నడిపే ‘ఆవే’ హైస్పీడ్ రైలు టికెట్ కొంటే, లోకల్ రైలు ప్రయాణం కూడా అందులోనే కలిసి ఉంటుంది. చాలామంది చూసుకోక మళ్లీ డబ్బులు పెడతారు.

టికెట్ మీద ‘కొంబినాదో సెర్కనియాస్’ (లోకల్ రైలు కలిపిన టికెట్ అని అర్థం) అన్న పేరు పక్కన ఒక కోడ్ ఉంటుంది. లోకల్ స్టేషన్‌లోని మెషిన్‌లో అదే పేరున్న ఆప్షన్ నొక్కి, ఆ కోడ్ కొడితే లోకల్ టికెట్ వచ్చేస్తుంది. ఆవే ఎక్కే ముందు 4 గంటల్లోపు, దిగాక 4 గంటల్లోపు వాడుకోవచ్చు. మాడ్రిడ్ ఎయిర్‌పోర్ట్ టీ4 టెర్మినల్ నుంచి అటోచా స్టేషన్‌కి, బార్సిలోనా సాంట్స్ స్టేషన్ నుంచి అక్కడి ఎయిర్‌పోర్ట్ టీ2కి ఇలాగే వెళ్లొచ్చు. మెట్రోకి మాత్రం ఇది చెల్లదు.

ఇంకో సంగతి, మాడ్రిడ్‌లో పెద్ద స్టేషన్లు రెండు: అటోచా, చమార్తిన్. మీ రైలు ఎక్కడి నుంచో ముందే చూసుకోండి, లేకపోతే చివర్లో టెన్షన్. ఆవే ఎక్కేముందు బ్యాగులు స్కాన్ చేస్తారు, బయల్దేరడానికి 2 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. మన దగ్గరలా కదిలే రైలెక్కడం కుదరదు. అరగంట ముందే చేరుకోవడం మంచిది.

ఒంటరిగా వెళ్తే బ్యాగు చూసిపెట్టేవాళ్లుండరు కదా. అటోచా, సాంట్స్ రెండిట్లోనూ డబ్బు కట్టి సామాను పెట్టుకునే లాకర్లున్నాయి. ‘కోన్సిగ్నా’ అన్న బోర్డు వెతకండి. పాస్‌పోర్ట్ మాత్రం లాకర్‌లో వద్దు, ఒంటి మీదే ఉంచుకోండి.